మూడో ఇటుక

“ఏటయ్యా, ఇడ్లీ తింతావా, కాయితం సదువుతావా? ఎనకోళ్ళకి దారియ్యి!”

మంగాయమ్మ చట్నీ గరిటె ఎత్తి మరీ కసిరింది. మంగాయమ్మ నోరంటే సందంతా ఎరిగిన నోరే.

నేత సంచీ తగిలించుకున్న పెద్దాయన నొచ్చుకోలేదు. పక్కకు జరిగి, మిగిలిన ముక్క నోట్లో వేసుకుని కాగితం మళ్ళీ ఎత్తాడు.

“నిన్న హ్లుత్తోలో ఏం జరిగిందంటే...”

హ్లుత్తో అంటే బర్మాలోని యాంగోన్ శాసనసభ. సైన్యం మూసెయ్యక ముందు, అది ఇంకా నడుస్తున్న రోజులవి. సభ జరిగినన్నాళ్ళూ ఈయన పొద్దున్నే పజుండౌంగ్ వాగు పక్క తెలుగువాళ్ళ సందులోకి వచ్చేవాడు. మంగాయమ్మ బండి దగ్గర రెండిడ్లీలు తిని, ముందురోజు సభలో ఎవరేం అడిగారో, మంత్రి ఏం చెప్పారో చదివి వినిపించేవాడు. సభ లేనప్పుడు మనిషి కనిపించేవాడు కాదు.

నిన్నెవరు పంపారని ఎవరూ అడగలేదు. అడగడానికేముంది? ఎన్నికల్లో గెలిచిన మెంబరమ్మ మనిషై ఉంటాడు. పేరూ అడగలేదు. సందులో అందరికీ ఆయన సంచీ పెద్దాయన.

మంగాయమ్మకు బర్మా మాట నోటినిండా వచ్చు, రాత ఒక్క ముక్క రాదు. అందుకే పైకి ఎంత కసిరినా ఒక చెవి అటే పడేసేది. ఆమెకు కావలసిన కబురు ఒక్కటే. తూము తలుపు.

వాగుకు పోటొచ్చినప్పుడు నీళ్ళు వెనక్కి తన్నకుండా ఆపే తలుపది. విరిగి నాలుగేళ్ళయింది. వానాకాలం పోటొస్తే మురుగంతా ఇళ్ళలోకే. మంగాయమ్మ మొగుడు అప్పయ్య ఒకప్పుడు బోటాటౌంగ్ రేవులో మూటలు మోసిన మనిషి, పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మొదటేడు మంచం కాళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టింది. మరుసటేడు రెండు. నిరుడు మూడు. మూడో ఇటుకా మునిగిన రోజు, మొగుడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మంచం మీదే కూర్చుండిపోయింది.

“తూము సంగతేటయింది?”

“అడిగారు, అమే.” అమే అంటే బర్మా మాటలో అమ్మ. “డబ్బుంటే చూస్తామన్నారు మంత్రి.”

“మరి మీ మెంబరమ్మ ఊరుకుందేటి?”

“ఊరుకున్నారు.”

తీపి పూసి చెప్పడం ఆయనకు చేతకాదు.

మంగాయమ్మకు ఒళ్ళు మండింది. “నోరు తెరిసి గట్టిగా అడగమను! ముసిలోడి మంచం కింద ఇంకెన్ని ఇటుకలు పెట్టమంతారో కనుక్కోమను!”

ఆయన సంచీలోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు.

“ఓటేశారా, అమే?”

“ఏసినాను. గుర్తు సూసి మెంబరమ్మకే ఏసినాను. సందు సందంతా అంతే. ఇంకెవులో ముసిలాయన కూడా నిలబడ్డాడంట. మైకట్టుకుని మా సందుకీ ఒచ్చాడు. ఆవేళ మా అమ్మోరి పండగ! ఆ డప్పుల్లో ఏటి సెప్పాడో ఆయనకే తెలాలి. ఒక్కరమూ బయిటికి రానేదు.”

ఆయన పకపకా నవ్వాడు. ఇంకాస్త చట్నీ వేయించుకున్నాడు.

మూడు రోజులు పోయాక కాస్త ముందుగానే వచ్చాడు.

“అమే, నిన్న మెంబరమ్మ లేచి అడిగారు. ‘ఒక ముసలాయన మంచం కింద ఇంకెన్ని ఇటుకలు పెట్టమంటారు?’ అని. వానలకు ముందే తూము బాగుచేస్తామని మంత్రి ఒప్పుకున్నారు.”

గరిటె చేతిలోనే ఉండిపోయింది.

“అది నా మాటే గదా!”

“మీ మాటే.”

మంగాయమ్మ కళ్ళు తుడుచుకుని ఇంకో ఇడ్లీ వేసింది. “తిను బాబూ. బొత్తిగా సిక్కిపోయినావు.”

నిజమే, మనిషి బాగా తగ్గాడు. మాట మాటకీ దగ్గుతున్నాడు.

ఆ మర్నాటితో సభ ముగిసింది.

వానలొచ్చాయి. పోటొచ్చింది. కొత్త తలుపు దగ్గరే నీళ్ళు ఆగిపోయాయి. గడప కూడా తడవలేదు.

మంగాయమ్మా, కోడలు పద్మినీ కలిసి మంచమెత్తి ఇటుకలు ఒక్కొక్కటే లాగేశారు. మంచం నేలకు దిగుతుంటే అప్పయ్య పసిపిల్లాడిలా నవ్వాడు.

మళ్ళీ సభ మొదలైంది. వారం గడిచింది. సంచీ పెద్దాయన జాడ లేదు. ఆయన కోసం పక్కన పెట్టిన రెండిడ్లీలు రోజూ చల్లారిపోయేవి.

“ఇటుకలు తీసీసినామని ఆయనకి సెప్పొద్దేటే, పద్మినీ?”

క్యారేజీ నిండా ఇడ్లీలు సర్దుకుని, కోడల్ని వెంటబెట్టుకుని, సైకా రిక్షా ఎక్కి మెంబరమ్మ ఆఫీసుకు వెళ్ళింది.

“మీ మనిషి, ఆ సంచీ పెద్దాయన, ఎక్కడున్నాడమ్మా?”

మెంబరమ్మకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి కుర్చీ జరిపింది.

“కూర్చోండి, అమే. ఆయన కిందటి నెల పోయారు. ఊపిరితిత్తుల జబ్బు.”

మంగాయమ్మ క్యారేజీని ఒళ్ళోకి లాక్కుంది.

మెంబరమ్మ సొరుగులోంచి చీటీల కట్ట తీసింది.

“సభ జరిగినన్నాళ్ళూ చూడవచ్చినవాళ్ళ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చునేవారు. మీ సందు మాటలు రాసి, గుమ్మం దగ్గర నా చేతిలో పెట్టేవారు. ఆ ఇటుకల మాట అలా వచ్చిందే. ఇది చివరి చీటీ. ఆసుపత్రి నుంచి పంపారు.”

పద్మిని అందుకుని చదివింది.

“ఇడ్లీలమ్మ ఇంట్లో మంచం నేలకు దిగిందో లేదో ఒకసారి కనుక్కోండి.”

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు.

“ఎంత మంచి మనిషిని మాకాడికి పంపినావు, తల్లీ!”

మెంబరమ్మ తల అడ్డంగా ఊపింది.

“నేను పంపలేదు, అమే. ‘గెలిస్తే సభ సంగతులు రోజూ వచ్చి చెబుతాను’ అని మీ సందులో మైకు పట్టుకుని మాటిచ్చి, నా చేతిలో ఓడిపోయిన ముసలాయన ఆయనే.”