మూడో పాటలో మూలుగు

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడది. అదే ఏడు, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో రవికుమార్ ఇంటి బేస్‌మెంట్‌లోకీ మోకాల్లోతు నీళ్లొచ్చాయి. రవికుమార్ కూతురు రేణు, ఆమె కాలేజీ స్నేహితులు రాజ్, జగదీష్ కలిసి బ్యాండ్ పెట్టి రికార్డు చేసిన మొదటి మూడు పాటల టేపు ఆ నీళ్లలో నాని పాడైపోయింది.

"ప్రభువుకి స్తోత్రం" అన్నాడు రేణు తాత దైవాశీర్వాదం. అందరికీ వినబడేలాగే అన్నాడు.

ఆ రోజునుంచి రేణు ఆయనతో మాట్లాడటం మానేసింది.

కానీ టేపు కాపీ ఒకటి అంతకుముందే, జూన్‌లోనే, న్యూయార్క్ చేరింది. పోస్టు టైము దాటిపోతోందని మళ్లీ ఒకసారి వినకుండానే హడావుడిగా కాపీ తీసి పంపేశారు. అక్కడి పత్రిక ఒకటి ఈ ‘స్నో షవల్స్’ బ్యాండ్ గురించి పేజీన్నర రాసింది. ముఖ్యంగా మూడో పాట గురించి. గిటార్ల అడుగున, నూతిలోంచి ఎవరో ఏడుస్తున్నట్టు ఒక మూలుగు వస్తుందట. అది వింటే ఒళ్లు జలదరిస్తుందట.

దాంతో ఒక రికార్డు కంపెనీ కబురు పెట్టింది. కాపీ పనికిరాదు, పాటలు మళ్లీ రికార్డు చేసి అసలు టేపే పంపమంది. మూలుగు మాత్రం అచ్చం అలాగే ఉండాలి. రేపు సాయంత్రంలోగా పోస్టులో పడకపోతే కాంట్రాక్టు లేదు.

"ఆ సౌండ్ నీ గిటార్‌దే కదా? మళ్లీ చెయ్యి!" జగదీష్ డ్రమ్స్ వెనకనుంచి లేచాడు.

"నాది కాదు మ్యాన్. నీ మైక్‌లోనే ఏదో పడింది" అన్నాడు రాజ్.

"పత్రిక ఇంటర్వ్యూలో నేనే చేశానని కోతలు కోసినప్పుడు తెలీలేదా?"

రెండు వారాలుగా ఇదే కొట్లాట. గిటారుని ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్‌కి ఆనించి వాయించారు. రేణు బకెట్‌లో తల పెట్టి అరిచింది. వాళ్ల మెషిన్‌లో నాలుగు ట్రాకులు. ఒక్కోదాంట్లో ఒక్కో శబ్దం పడుతుంది, ఒకటి ఇంకోదాన్ని చెరపదు. గిటారు, డ్రమ్స్, రేణు గొంతు బాగానే కుదిరాయి. నాలుగో ట్రాకులో మాత్రం ఏం పెట్టినా పిల్లి అరిచినట్టే ఉంది.

దైవాశీర్వాదం బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. నర్సాపురంలో మూడో తరగతితో బడి మానేసిన మనిషి. మాట తక్కువ, పంతం ఎక్కువ. ఆయనకి కావలసింది ఒక్కటే. ఈ గుంపు చెదిరిపోవాలి. మనవరాలు మళ్లీ ఆదివారం తెలుగు చర్చికొచ్చి క్వయర్‌లో ముందు వరసన నిలబడి పాడాలి.

లైటు స్విచ్ మెట్ల పైనే ఉంది. ఆర్పేశాడు.

"తాతయ్యా! స్టాప్ ఇట్!"

"ఓహో! నోరొచ్చిందే?"

రేణు దడదడా మెట్లెక్కి వచ్చింది. చేతిలో వాక్‌మన్. అందులో కంపెనీ వాళ్లు తిరిగి పంపిన పాత పాట. హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి తగిలించేసింది.

"ఒక్కసారి విను. దీనికోసమే మేం చస్తున్నాం. విని అప్పుడు తిట్టు."

ఆయన విన్నాడు. రంపాలు కోస్తున్నట్టు గిటార్లు. వాటి అడుగున ఆ మూలుగు. ఆయన మొహం నల్లబడింది. హెడ్‌ఫోన్స్ పీకి ఆమె చేతిలో పడేశాడు.

"ఇది సాతాను గొంతు. నరకంలో ఏడుపు ఇలాగే ఉంటది. మనిషి పుట్టుక పుట్టినోడెవడూ ఇలా మూలగడు."

"ఐ హేట్ యూ, తాతయ్యా" అంది రేణు. "కాంట్రాక్ట్ పోతే నేను చర్చ్‌కి వచ్చేస్తాననుకుంటున్నావు కదా? నెవర్. ఇంట్లోనే ఉండను."

కింద రాజ్ గిటారు పెట్టెలో పెట్టేశాడు. "ఐయామ్ డన్. మూలుగు లేకుండానే పంపుదాం. రేపు క్లాస్ అయ్యాక వచ్చి తీసుకెళ్తా. టేప్ మెషిన్‌లోనే ఉంచండి, ఎవరూ ముట్టుకోకండి."

"పంపినా ఒకటే, చెత్తబుట్టలో వేసినా ఒకటే" అన్నాడు జగదీష్.

మర్నాడు పొద్దున పిల్లలు కాలేజీకి వెళ్లగానే దైవాశీర్వాదం బేస్‌మెంట్‌లోకి దిగి, మూడో పాట మొదలయ్యేదాకా టేపు తిప్పి, నాలుగో మైకు నోటికి ఆనించుకుని, ఎర్ర బటన్ నొక్కి, జూన్‌లో చేసినట్టే ఆ పాటని చెరిపేయడానికి ఏడుస్తూ ప్రార్థన చేశాడు, అప్పుడు గొంతు చాలకే చెరగలేదని ఈసారి ఇంకాస్త గట్టిగా.