వేలు వదిలి వెళ్లే మర

ఇలా రండర్రా, నా పక్కకి జరిగి కూర్చోండి. వంట చేసిపెట్టే మరమనుషులు, అదే వంటమరలు, కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఇద్దరు కోడళ్లకూ కలిపి ఒక్కటే ఉండేది. కింద హైమవతి, మేడ మీద పంకజం. ఒకరి పని మధ్యలో రెండోవారు పిలిస్తే అది వెళ్లి, తిరిగొచ్చి, ఆపిన చోటి నుంచే పని అందుకోవాలి.

పంకజం దానికి "తూర్పు గోడ దగ్గర ఆపావు" అని చెప్పి పంపేది. వాస్తు కోసం పొయ్యిని ఆగ్నేయానికి మార్చిన రోజున మర తిరిగొచ్చి పాత చోటే నిలబడి గోడకు పోపు పెట్టింది.

"నీ దగ్గర మాత్రం తప్పదేం అక్కా? ఏం మందు పెట్టావు?" అని అడిగింది పంకజం.

"మందెందుకే? దాని చిటికెనవేలు తీసి గిన్నెలో పెట్టి వెళ్లమంటాను. ఆ వేలును వెతుక్కుంటూ గిన్నె ఎక్కడుంటే అక్కడికే వస్తుంది," అంది హైమవతి.

హైమవతి అరిసెలను నేను మెచ్చుకుంటే పంకజానికి గిట్టేది కాదు. ఒకనాడు పంకజం, కింద హైమవతి పట్టిన పాకంలో పిండి కలుపుతున్న మరను పైకి పిలిచి, వేలున్న గిన్నెను కూడా చప్పుడు కాకుండా తన వంటగదికి తెచ్చుకుంది. మర అక్కడే అరిసెలు వండింది. వాటిని నాకు పెట్టి, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"ఎలా ఉన్నాయత్తయ్యా?"

"అచ్చం హైమ చేసినట్టే ఉన్నాయే."

పంకజం ముఖం మాడిపోయింది. మర్నాడు మరను కిందికి పంపేసి తానే పాకం పట్టింది. పాకం ముదిరి అరిసెలు రాళ్లయ్యాయి. పళ్లెం ఖాళీ చేసి, "ఇవి నీవేనే," అన్నాను. అప్పుడు నవ్వింది.

రేపు మీ పిల్లలకు చెప్పేటప్పుడు మర సంగతి మరిచిపోయినా ఫర్వాలేదు. ఆ రాళ్లను నేను ఇష్టంగా నమిలానని మాత్రం గుర్తుంచుకుని చెప్పండి.