అందరి పేర్లూ

"దొంగసొమ్ము మీ క్రిప్టో ఎక్స్ఛేంజ్ లోంచే చేతులు మారింది. ఖాతాదారులందరి పేర్లూ, చిరునామాలూ ఇచ్చెయ్యండి. లేదంటే మీరూ దొంగతో కలిసినట్టే," అన్నాడు పోలీసు అధికారి.

ఎక్స్ఛేంజ్ యజమానురాలు కుర్చీలోంచి కదల్లేదు. "దొంగ ఖాతా ఆపేశాను. అతని వివరాలన్నీ మీ చేతిలో పెట్టాను. మిగతావాళ్ళేం పాపం చేశారండీ?"

"ఆ మాట ఈవిడతో చెప్పండి," అంటూ అధికారి తలుపు తీసి, సొమ్ము పోగొట్టుకున్న నర్సును లోపలికి పిలిచాడు. "మీరే అడగండమ్మా."

యజమానురాలు ఇరకాటంలో పడింది. ఈ మనిషి ముఖం చూస్తూ కాదనడం ఎలా?

"అందరి పేర్లూ అంటే మా చెల్లిది కూడానా మేడమ్?" అంది నర్సు.

"ఆవిడకీ మా దగ్గర ఖాతా ఉంటే, ఆ పేరూ ఉంటుందమ్మా. చిరునామాతో సహా."

నర్సు చప్పున అడ్డుపడింది. "వద్దు మేడమ్! మొగుడి దెబ్బలు పడలేక అది పారిపోయింది. ఎక్కడుందో తెలిస్తే బతకనివ్వడు. వాడు పోలీసే."

అధికారి ఉలిక్కిపడ్డాడు. "పోలీసా? పేరేంటి?"

"పేరు చెబితే చెల్లి ఎవరో చెప్పేసినట్టే కద సార్. నా సొమ్ము పోతే పోయింది."

అంతవరకూ యజమానురాలు ఒక నియమాన్ని కాపాడుతున్నాననే అనుకుంది. దాని చాటున ఎవరు తలదాచుకున్నారో ఇప్పుడు తెలిసింది. లేచి, తన కుర్చీలో నర్సును కూర్చోబెట్టింది.

"కేసు పెట్టుకోండి సార్," అంది అధికారితో. "ఈవిడ సొమ్ము దొంగచేత కక్కించడానికి రాత్రింబవళ్ళు మీతో తిరుగుతాను. ఇంకొక్క పేరు మాత్రం నా నోట రాదు."