ముప్ఫయ్యో అర్జీ

“ఇంకా గంటే ఉందయ్యా,” అన్నాడు అధికారి గడియారం చూస్తూ. “ఇరవై తొమ్మిది దగ్గరే ఆగిపోయేట్టుంది నీ బండి.”

దుబాసీ తన బల్ల వెనకనుంచి గుమ్మంకేసి చూశాడు. ఏడాదిలో ముప్ఫైమంది కొండభాషలో అర్జీ చెప్పుకోవాలి. లేకపోతే రేపటినుంచి ఆ బల్లా ఉండదు, దాని వెనక కూర్చుని సర్కారు భాషలోకి మార్చి చెప్పే తనూ ఉండడు. ఆ భాషవాళ్ళేమో నామోషీకి పోయి, వచ్చీరాని సర్కారు భాషలోనే ఏదో గొణిగి పోతున్నారు.

అంతలో ఒక ముసలామె వచ్చి బల్ల ముందు కూర్చుంది. నోరు తెరిస్తే కొండభాష! దుబాసీకి ప్రాణం లేచొచ్చింది.

“ఎవరు రమ్మన్నారు పెద్దమ్మా?”

“మా అబ్బాయి.”

“ఏడీ?”

“పనిలో ఉన్నాడు. మా వీధి మెట్ల దగ్గర దీపం లేదు నాయనా. చీకట్లో జారి పడుతున్నారు.”

దుబాసీ అటు తిరిగేసరికే అధికారి కలం సగం వాక్యం దాటింది.

“నేనింకా చెప్పనేలేదు సార్!”

“మెట్లూ పడటమూ చేత్తో చూపించిందిగా! అయినా అదేం భాషయ్యా, రాళ్ళు దొర్లించినట్టు?”

ముసలామె చురుక్కున చూసింది. దుబాసీకి చిత్రమనిపించింది. సర్కారు భాష రాని మనిషికి ఆ మాట ఎట్లా తగిలింది?

అర్జీ అడుగున ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: ‘ఈ భాష నాకు రాదు, దుబాసీ అవసరమైంది.’ దానికింద అధికారి దర్జాగా సంతకం గీకినప్పుడల్లా దుబాసీకి ఒళ్ళు మండేది. రాకపోవడం కూడా ఒక గొప్పే వీళ్ళకి! ఈసారీ కట్టు కట్టిన మోచెయ్యి బల్లకు తగలకుండా ఎత్తిపట్టి మరీ గీకాడు.

“ముప్ఫై! బతికిపోయావు ఫో.”

ఐదింటికి దుబాసీ బల్ల తుడిచి, సొరుగుకు తాళం వేసి మెట్లు దిగబోయాడు. కింది మలుపులో ముసలామె గొంతు వినిపించింది. కొండభాషలో ఎవరినో దులిపేస్తోంది. అతను కమ్మీ మీదినుంచి వంగి చూశాడు.

“రాదని సంతకం పెడితేనే ఆ బల్ల ఉంటుందమ్మా,” అంటున్నాడు అధికారి, అచ్చమైన కొండభాషలో.