సన్నే చూపు

"పిల్లకు చూపు పోయింది దొరా," అంది గంగే, దవాఖానా గడప దగ్గరే కూలబడుతూ.

కోంటాలోని రాజావారి దవాఖానాకు కంటి డాక్టరు వచ్చాడని సంతలో ఎవరో చెప్పారు. గొల్లపల్లి నుంచి తెల్లవారకముందే బయలుదేరింది. మనవరాలిని కొంత దూరం నడిపించింది, కొంత దూరం చంకనెత్తుకుంది. ఐదేళ్ల సన్నేకు మంత్రం వేసి వేపమండ విసిరే వెజ్జు తప్ప మరో వైద్యుడు తెలియదు. డాక్టరు చేతిలో తళుక్కుమన్న అద్దాన్ని చూసి అవ్వ కొంగు వెనక నక్కింది.

డాక్టరుది రాజమండ్రి వైపు. తెలుగు మాట వినగానే గంగేకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఇలా రామ్మా. నేనేం కొరకను," అన్నాడు.

రెప్పలు విప్పి చూశాడు. దీపం అటూ ఇటూ తిప్పాడు. చూపు దీపం వెంటే తిరిగింది. రేచీకటేమోనని తలుపులు మూయించి, నేల మీద చింతగింజ వేశాడు. సన్నే తీసిచ్చింది. తలుపులు తెరిచి శబరి ఏటి ఒడ్డు వైపు చూపించాడు.

"అక్కడేముంది?"

"మేక. ఒక చెవి తెగింది."

"ఇంకా?"

"నీ మీసంల మెతుకున్నది."

మందులు కలుపుతున్న కాంపౌండరు గోడ వైపు తిరిగి దగ్గాడు. డాక్టరు మీసం తుడుచుకున్నాడు.

"నా కళ్లకన్నా దీని కళ్లే నయం అవ్వా. చూపు పోయిందని ఎవరన్నారు?"

గంగే ముఖం వెలగలేదు. ఇంకా చిన్నబోయింది.

"పొద్దుగూకంగనే దీని తల్లి వచ్చి వాకిట్ల నిలబడతది. దేవే, నా బిడ్డ. ఇది దాని ముందు నుంచే ఉరుకుతది గని తలెత్తి చూడదు. వేలు పెట్టి చూపిస్తె, ఏడ అవ్వా అంటది."

"తల్లి లోపలికి రాదా?"

"కన్నబిడ్డ పిలవంది ఎట్లొస్తది? దొప్పల జావ పోసి గడప అవతల పెడత. ఇది చేత్తో ఇస్తె తాగుతదేమో. నేను పెడితె ముట్టదు."

"మీకూ ఆమెకూ ఏమైనా తగాదానా?"

"నాకూ దానికీ తగాదా ఏంది దొరా? ఉత్తగ నిలబడి, దీని దిక్కే చూస్తది. పెద్ద చీకటి పడంగనే పోతది."

గంగే ఎంతమందినో సాగనంపింది. తేయాకు తోటలకని అస్సాం పోయిన మొగుడు మళ్లీ ఊరి ముఖం చూడలేదు. కర్ర కోతకని ఏరు దాటిన కొడుకు ఆవల ఒడ్డునే కాపురం పెట్టాడు. ఈ మధ్య దేవే కూడా రోజురోజుకూ వాకిలికి ఎడంగా నిలబడుతోంది. మొదట చూరు కింద నిలబడేది. తర్వాత దొడ్డి దగ్గర. నిన్నయితే ఇప్పచెట్టు అవతల నుంచే వెనుదిరిగింది.

"ఎన్నాళ్లని నిలబడతది? విసుగొచ్చి అది రాకుంట పోతె నేను బతకలేను. ఏదన్న మందు పొయ్యి దొరా. ఒక్కపాలి దీనికి తల్లి కనపడితె చాలు."

డాక్టరు అద్దం పక్కన పెట్టాడు. సన్నేను దగ్గరికి తీసుకున్నాడు.

"అమ్మ మీద అలిగావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి లోపలికి ఎందుకు పిలవవు?"

సన్నే వెనక్కి తిరిగి, దూరంగా చేతులు జోడించి కూర్చున్న అవ్వను ఒకసారి చూసి, డాక్టరు చెవికి నోరు ఆనించి, "అమ్మ పోయినేడే సచ్చిపోయింది, అవ్వకు చెప్పకు," అంది.