చల్లని పాదాలు

అరిజోనాలో ఆ జూలై సాయంత్రం కర్టిస్ వచ్చి, పెద్దమ్మ లోరీన్ దగ్గర మళ్లీ అదే మాట ఎత్తాడు. వాళ్లమ్మ డెల్మా చనిపోయి మూడేళ్లయింది. ఏనాటికైనా వైద్యులు తిరిగి బతికిస్తారన్న ఆశతో, తన దేహాన్ని గడ్డకట్టించి దాచమని ఆవిడ ముందే రాసిచ్చింది. ఇప్పుడు ఊరి చివర అలా దాచే సంస్థలో ఒక ఉక్కు తొట్టెలో ఉంది.

“నువ్వూ పేరు రాయించుకో పెద్దమ్మా. జబ్బు పడ్డాక ఆ ఖర్చు భరించే బీమా ఇవ్వరు.”

“ముసలిదాన్నయ్యాక చూద్దాంలేరా.”

“డెబ్బై ఒకటి నీకు!”

“అయితే ఏం? లేచాక కూడా మీ అమ్మ వంటపని నాకే అంటగడుతుంది.”

కర్టిస్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఏసీ ఆగిపోయింది. దాని రొద పోవడంతో ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. చెమటతో పక్కకు ఒత్తిగిలిన లోరీన్ పిక్కలకు వెనకనుంచి చల్లగా ఏదో తగిలింది. రెండు పాదాలు. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని చెల్లెలు ఇలాగే ఆనించేది.

లోరీన్ వెనక్కి తిరగలేదు. ఆ పాదాలను తన పాదాల మధ్యకు తీసుకుంది.

“అంత చలిలో ఒక్కదానివే ఉన్నావటే? రేపే సంతకం పెడతాను. పడుకో.”

వెనక ఎవరో నిట్టూర్చారు. కాసేపటికి ఆ చలి తగ్గసాగింది. ఒంట్లో చలి పోయిందంటే డెల్మా ఇంక ఎప్పటికీ లేవదని ఆ సంస్థవాళ్లు చెప్పిన మాట లోరీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

“వద్దమ్మా, వద్దు,” అంటూ కాళ్లు ముడుచుకుంది.

ఆ పాదాలు వెతుక్కుంటూ వచ్చి మళ్లీ ఆనుకున్నాయి. ఈసారి గోరువెచ్చగా ఉన్నాయి.