వేరే పొయ్యి

ఆదివారం మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక లక్ష్మీదుర్గ వంటగది సర్దుతూ, చెంచురామయ్య గారి పేరు చెక్కిన గిన్నె మూత తీసింది.

రొయ్యపొట్టు వేయని వంకాయ కూర వండింది వండినట్టే ఉంది. మరి ఆయన రెండుసార్లు అడిగి వేయించుకున్నదేమిటి?

ఒంగోలు పక్కన ఎనిమిది కుటుంబాలు కలిసి ఎనిమిది ఇళ్లూ, మధ్యలో ఒకే వంటగదీ కట్టుకున్నాయి. వంట రోజుకొకరి వంతు. తినేది మాత్రం అందరూ ఒకే బంతిలో. చెంచురామయ్య గారు చేరిన రోజు, అందరికన్నా పెద్దవారైన ప్రేమదాసు గారు చేపలూ మాంసం తింటారా అని మర్యాదగా అడిగారు. తిననన్నారాయన. మర్నాటికల్లా ఆయనకి వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే గరిటె వచ్చేశాయి. కొత్తపట్నం చేపలొచ్చిన రోజు వాసన తగలకూడదని ఆయన కంచం వరండా చివర పెట్టేవాళ్లు. ఒకసారి ఆయన కళ్లు చెమర్చాయి. పాపం, వాసన పడలేదనుకుని ఇంకాస్త దూరం జరిపారు. నాలుగేళ్లుగా ఇదే మర్యాద.

ఇంతమంది కాపాడుకొచ్చిన నిష్ఠని ఒక్క గరిటెతో గంగలో కలిపానని లక్ష్మీదుర్గ కుమిలిపోయింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, నిజమే. కానీ నమ్మి తిన్న మనిషాయె. మూడు రోజులు ఆయన ఎదురైతే చాలు, పక్కకి తప్పుకుంది. వంకాయ కూర మళ్లీ ఎప్పుడమ్మా అని ఆయన అడిగితే ప్రాణం చచ్చిపోయింది.

నాలుగో రోజు ఇక ఉండబట్టలేక ఆయన గుమ్మం ఎక్కింది. తన వంతు వంట మాన్పించినా, ఇల్లు ఖాళీ చేయమన్నా సరే అనుకుంది.

"బాబాయ్ గారూ, పాపం చేశానండి. ఆదివారం హడావిడిలో పక్క గిన్నెలో గరిటె పెట్టాను. మీకు వేసింది రొయ్యపొట్టు కూర." అంతవరకూ చెప్పి ఏడ్చేసింది.

ఆయన కోప్పడలేదు. లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. ఆమె మొహం చూడలేక నేల చూశారు.

"పాపం నీది కాదు తల్లీ. ప్రేమదాసు గారు నన్నడిగింది కార్తీక సోమవారం, ఆ ఒక్క పూటకే తిననన్నాను."